‘ఇంట్లో అడిగి చెప్తాను’ అంటే వద్దని కాదు సార్

మా ఏరియా మేనేజర్లకూ, ఏటా హోటల్ హాలు అద్దెకు తీసుకుని మాకు క్లాసులు చెప్పే ట్రైనర్లకూ, ఒడిశాలోని బరంపురం నుంచి ఒక ఏజెంట్ రాస్తున్న ఉత్తరం.

నేను ఇన్సూరెన్స్ ఫీల్డుకి వచ్చి 16 ఏళ్లయింది. కంపెనీ పేరు రాయడం లేదు. రాసినా పెద్ద తేడా ఉండదు, ఇక్కడ నాలుగైదు కంపెనీల ఏజెంట్లం ఒకే టీకొట్టు దగ్గర కలుస్తాం, అందరి గోలా ఒకటే. ఈ మాటలు మొన్న మీటింగులోనే చెబుదామనుకున్నాను గానీ మైకు నా దాకా వచ్చేసరికి భోజనాల వేళయింది, అందరి చూపూ బిర్యానీ మీదే ఉంది, నా చూపు కూడా. అందుకే ఇలా.

సంగతేమిటంటే, కస్టమర్ "ఇంట్లో అడిగి చెప్తాను" అన్న ప్రతిసారీ మీరు దాన్ని ఆబ్జెక్షన్, అంటే కొనకుండా అడ్డుపడే అభ్యంతరం, అంటున్నారు. జబ్బుకి పేరు పెట్టాక మందు ఇవ్వాలి కదా, అందుకని ఆరు జవాబులు అచ్చువేసి మా చేతిలో పెడుతున్నారు. ఆ ఇంట్లో డబ్బు విషయాలు తేల్చుకునే పద్ధతే అది సార్. మనం వెళ్లకముందు నుంచీ అలాగే తేల్చుకుంటున్నారు, అలాగే ఇళ్లు కట్టుకున్నారు, పిల్లల పెళ్లిళ్లు చేశారు.

పోయిన మార్చి ఆఖరి వారంలో ఏం జరిగిందో చెప్తాను. మీలో ఒకరికి తెలుసు, మిగతావాళ్లు వినండి.

గోపాలపూర్ వైపు సముద్రం ఒడ్డున ఒక మత్స్యకారుల పల్లె. అంతా మన తెలుగువాళ్లే. అక్కడ ఒకమ్మాయి, భర్త బోటు మీద వేటకి వెళ్తాడు, తను చేపలు అమ్ముతుంది. కొడుకు చదువు కోసం ఒక పాలసీ గురించి నేనే ఆమెకు జనవరి నుంచీ చెప్తున్నాను. నాలుగుసార్లు వెళ్లాను. నాలుగుసార్లూ టీ ఇచ్చింది, శ్రద్ధగా వింది, "మా అత్తనడిగి సెప్తానక్కా" అంది. ఐదోసారి నాతో మేనేజర్ గారు వచ్చారు. జాయింట్ కాల్ అంటాం కదా, అదన్నమాట. ఆయన ప్లాస్టిక్ కుర్చీలో ముందుకు జరిగి కూర్చుని, నవ్వుతూనే, "ఈ రోజుల్లో కూడా అత్తగారిని అడగాలా అమ్మా? నువ్వు సంపాదిస్తున్నావు, నీ బిడ్డ, నీ నిర్ణయం నువ్వు తీసుకోలేవా?" అన్నారు. వినడానికి ఎంత బాగుందో చూడండి, స్త్రీ స్వేచ్ఛ మీద ఉపన్యాసంలా ఉంది. ఆ పిల్ల ముఖం మాడిపోయింది. పక్కింటి ఆడవాళ్లు గుమ్మం దగ్గరే ఉన్నారు. చీర కొంగుకి తడిచేతులు తుడుచుకుని, సరే అని సంతకం చేసేసింది. పెన్ను నేనే ఇచ్చాను. నా తప్పు అక్కడుంది, నేను దాటెయ్యను.

ఏప్రిల్లో పాలసీ కాగితం అందిన పన్నెండో రోజున అత్తాకోడళ్లిద్దరూ ఆటోలో మా ఇంటికొచ్చారు. ముసలావిడ అరవలేదు. కూర్చుని, నీళ్లు తాగి, సంచిలోంచి చీటీ పుస్తకం తీసింది. ఆ ఇంట్లో ఏ నెల ఎంత వస్తుందో, ఏ నెల చీటీ పాడాలో, ఐసు బాకీ ఎప్పుడు తీర్చాలో అంతా ఆవిడ బుర్రలోనే ఉందట. "అమ్మా, ఏప్రిల్ 15 నుంచి వేట బందు. జూన్ 14 దాకా బోటు కదలదు. రెండు నెల్లు కూకుని తినాలి. నువ్వు ఏటేటా మార్చిలో కట్టమంటే ఎక్కడ తెచ్చి కట్టేది? ఆగస్టులో రాసుంటే నేనే కట్టించేదాన్ని" అంది.

61 రోజుల నిషేధం సార్, తూర్పు తీరమంతా ఏటా ఉండేదే. కాస్త ఉత్తరాన ఋషికుల్య ముఖద్వారం వైపైతే ఆలివ్ రిడ్లే తాబేళ్ల కోసం నవంబర్ నుంచి మే దాకా వేరే ఆంక్షలున్నాయి. ఇక్కడ పుట్టినదాన్ని, నాకిది తెలుసు. తెలిసీ మార్చి టార్గెట్ హడావిడిలో డ్యూ డేట్ సంగతి ఆలోచించలేదు. ఆ కోడలు అత్తగారిని అడుగుతానన్నది భయంతో కాదు, ఆ ఇంటి క్యాషియర్ని అడుగుతానంది. మన ఆఫీసులో కూడా అకౌంట్స్ వాళ్లని అడక్కుండా ఎవరికీ చెక్కు రాయరు కదా, అప్పుడెవరూ "మీ నిర్ణయం మీరు తీసుకోలేరా" అనరు.

పాలసీ చేతికందిన 30 రోజుల్లోపు వద్దనుకుంటే వెనక్కి ఇచ్చేయొచ్చు, ఫ్రీ లుక్ అంటాం. అన్ని రోజులు బీమా ఉన్నందుకు రిస్క్ ప్రీమియం, స్టాంపు ఖర్చు, మెడికల్ చేయించి ఉంటే ఆ ఖర్చు పట్టుకుని మిగతాది తిరిగిస్తారు. నేనే ఫారం నింపి పంపాను. మీ అమ్మకం లెక్క మార్చిలో పడింది, కేన్సిల్ ఏప్రిల్లో పడింది, అంటే కొత్త సంవత్సరం ఖాతా, కాబట్టి మీ లెక్కలో ఏ నష్టమూ లేదు. నా లెక్క వేరు. ఆ వీధిలో ఇంకో మూడు ఇళ్లు నాతో మాట్లాడుతున్నాయి అప్పటిదాకా. ఇప్పుడు వెళ్తే పలకరిస్తారు, టీ మాత్రం రావడం లేదు.

2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ డార్క్ ప్యాటర్న్స్ మీద మార్గదర్శకాలు ఇచ్చింది, ఆన్‌లైన్ కంపెనీలు చెయ్యకూడని 13 రకాల మాయల జాబితా. అందులో మొదట్లోనే ఉంటుంది, లేని తొందర పుట్టించడం. ఇంకొకటి, వద్దన్నవాళ్లు సిగ్గుపడేలా మాట కూర్చడం. వెబ్‌సైటు ఆ పని చేస్తే తప్పని ప్రభుత్వమే రాసింది. అదే పని మనం ఒకరి ఇంటికెళ్లి, వాళ్ల కుర్చీలో కూర్చుని, వాళ్ల టీ తాగుతూ చేస్తే దానికి క్లోజింగ్ స్కిల్, బేరం ముగించే నేర్పు, అని పేరు, పైగా షీల్డు.

మీరు నేర్పని ఒక సంగతి చెప్తాను, ఈ ఊళ్లో 16 ఏళ్లు తిరిగితే తెలుస్తుంది. "చూద్దాం లెండి" అంటే వద్దనే, ముఖం మీద చెప్పలేక. ఆ "లెండి" వినిపించగానే మనం లేచి నిలబడాలి. "చూసి చెప్తాను" అంటే నిజంగానే చూస్తాడు, కాగితం వదిలి రావాలి. "మా ఆయన్నడగాలి" అని గుమ్మంలోనే అంటే తప్పించుకోవడం, అదే మాట పావుగంట విని, రెండు ప్రశ్నలు వేసి, తర్వాత అంటే అడగడానికే. ఒడియా ఇళ్లలో "దెఖిబా" (చూద్దాం) అంటారు, అది ఇంకా కష్టం, గొంతు బట్టి పోల్చుకోవాలి. ఇవన్నీ మీ రిపోర్టులో ఒకే గడిలో పడతాయి. పెండింగ్. కింద ఎర్రరంగు.

రంగులంటే గుర్తొచ్చింది, పోయినేడు ఒక ట్రైనర్ గారు నాలుగు రంగుల చార్టు తెచ్చారు. ఎర్ర కస్టమర్ చప్పున తేలుస్తాడు, నీలం కస్టమర్ లెక్కలడుగుతాడు, పచ్చ కస్టమర్ అందర్నీ అడుగుతాడు, పసుపు కస్టమర్‌కి కబుర్లు కావాలి. చెత్త అని అనను, ఎదుటి మనిషి నాలాంటివాడు కాకపోవచ్చన్న ఆలోచనైనా మాకు కలిగించారు. కానీ ఆ చార్టు పట్టుకుని ఒక ఇంటికి వెళ్లాను. ఆ ఇంటావిడ కూతురి పెళ్లికి బరంపురం పట్టు కొనడానికి వెళ్లినప్పుడు నేను పక్కనే ఉన్నాను, పది చీరలు అరగంటలో తీసిపారేసింది, కొట్టువాడే బిత్తరపోయాడు. ఎర్ర కస్టమర్ అనుకున్నాను. అదే ఆవిడ ఆరోగ్య బీమాకి మూడు నెలలు తీసుకుంది, ఆస్పత్రుల లిస్టు అడిగింది, లిస్టులో ఉన్న ఆస్పత్రికి తనే వెళ్లి కౌంటర్లో కార్డు పనిచేస్తుందా అని కనుక్కొచ్చింది. చీరల సంగతి చిన్నప్పటి నుంచీ తెలుసు కాబట్టి తొందర, బీమా తెలియదు కాబట్టి నిదానం. మనిషికి రంగు వేస్తే ఇది దొరకదు.

నిదానం మనుషుల్లో నాకు బాగా ఇష్టమైన ఒకాయన ఉన్నారు, పర్లాకిమిడి దగ్గర రిటైరైన మాస్టారు. ఆయన దగ్గరకు మొదటిసారి వెళ్లినప్పుడు నేను ఇచ్చిన ప్రతిఫలాల పట్టికని భూతద్దం పెట్టి చదివారు, నా ముందే, అరగంట, మధ్యలో ఒక్క మాట లేదు. గోడగడియారం చప్పుడు వింటూ కూర్చున్నాను. పెన్సిల్‌తో రెండుచోట్ల గీత గీసి, "ఇక్కడ రాబడి 4 శాతం అనీ 8 శాతం అనీ రెండు లెక్కలున్నాయి. రెండూ గ్యారంటీ కాదని కిందే రాశారు. నువ్వు 8 శాతం వైపు వేలు పెట్టి చూపించావు, 4 శాతం వైపు పెట్టలేదు" అన్నారు. నిజమే. మాకు క్లాసులో అలాగే చూపించారు. ఆరోజు సిగ్గేసింది గానీ అప్పటి నుంచీ నేను 4 శాతం వైపే ముందు వేలు పెడుతున్నాను, అది విన్నాక కూడా తీసుకున్నవాళ్లు మధ్యలో మానెయ్యడం తక్కువ.

అదే మాస్టారు 2025 ఆగస్టులో భార్యాభర్తలిద్దరికీ ఆరోగ్య పాలసీ చూస్తున్నారు. నెలాఖరు, మీ ఫోన్లు గంటకొకటి. ఆయన నంబర్ కూడా తీసుకుని మీరే నేరుగా ఫోన్ చేశారు. ఆయన "ఇంకా చదువుతున్నాను బాబూ" అని పెట్టేశారు. సెప్టెంబర్ 3న జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయం వచ్చింది, 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీల మీద పన్ను సున్నా. అంతకుముందు ఆరోగ్య ప్రీమియం మీద 18 శాతం. అంటే 30 వేల ప్రీమియానికి 5,400 మిగిలింది. ఆయనకి ముందే తెలుసని కాదు, ఎవరికీ తెలియదు. తర్వాత కలిసినప్పుడు "మీ సార్ ఇప్పుడు ఫోన్ చెయ్యడం లేదేం?" అని నవ్వారు. ఏం చెప్పను?

అలాగని అందరినీ నానబెట్టమనడం లేదు. పెద్ద బజార్లో ఒక బట్టల వ్యాపారి ఉన్నాడు, "రెండు ముక్కల్లో చెప్పమ్మా, కొట్లో గిరాకీ ఉంది" అంటాడు. ఆయన దగ్గర మీ 40 నిమిషాల ప్రజెంటేషన్ తీస్తే గెంటేస్తాడు. ఎంత కట్టాలి, ఎన్నేళ్లు, పోతే ఎంత, ఉంటే ఎంత, అంతే. నాలుగు నిమిషాల్లో చెక్కు రాసిన రోజుంది. ఆయన పద్ధతి అది, దానికీ గౌరవమివ్వాలి. ఒక్కచోట మాత్రం నేనే ఆయన్ని ఆపాను, ఆరోగ్యం గురించిన ప్రశ్నల దగ్గర. "అన్నీ లేదు లేదు అని రాసెయ్" అన్నాడు. బల్ల మీద షుగర్ మాత్రల పట్టీ కనిపిస్తోంది. 1938 నాటి బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటాక జీవిత బీమా పాలసీని ప్రశ్నించడానికి లేదు గానీ, ఈలోపు క్లెయిమ్ వచ్చి దాచారని తేలితే క్లెయిమ్ డబ్బు రాకపోవచ్చు. అది చెప్పేసరికి ఆయనే ఫారం తనవైపు తిప్పుకుని అన్నీ రాయించాడు. గిరాకీ ఆగింది పదినిమిషాలు, ఏం కొంప మునగలేదు.

ఇక సూరత్ ఇళ్లు. గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాలకి ఎంతమంది వెళ్లారో మీకు చెప్పక్కర్లేదు. ఆ ఇళ్లలో డబ్బు పంపేవాడు అక్కడ, ఖర్చు పెట్టేవాళ్లు ఇక్కడ, కాబట్టి నిర్ణయం ఫోన్లో. 12 గంటల షిఫ్టు దిగి, తిని, రాత్రి పదింటికి వీడియో కాల్ చేస్తాడు. నేను ఒకసారి అలా కూర్చున్నాను, ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి పెట్టారు, అవతల అతని వెనక వరసగా పడుకున్న మనుషులు, వాళ్లకి నిద్రాభంగం కాకుండా గుసగుసగా అడుగుతున్నాడు, "నేను కట్టలేకపోతే ఎంత పోతుంది?" మంచి ప్రశ్న. సంవత్సరానికీ ఆర్నెల్లకీ మూడు నెలలకీ కట్టేవాటికి 30 రోజుల గడువు, నెలనెలా కట్టేవాటికి 15 రోజులు, ఆ తర్వాత లాప్స్, అంటే పాలసీ ఆగిపోతుంది, అని చెప్పాను. ఆ కాల్ రాత్రి పదకొండున్నరకి అయింది. మర్నాడు ఉదయం తొమ్మిదిన్నర మీటింగుకి లేటుగా వచ్చానని నిలబెట్టారు గుర్తుందా?

భాష సంగతి కూడా చెప్పేస్తాను, ఇది ఎవరికీ పట్టడం లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైంది. అప్పటిదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం ఇటు వచ్చింది, మేమూ ఇటు వచ్చాం. మా అబ్బాయి లెక్కలు ఒడియాలో వేస్తాడు, తిట్లు తెలుగులో తిడతాడు. ఇళ్లలో తెలుగు, ఆఫీసులో ఒడియా, టీవీలో హిందీ. కంపెనీ కాగితాలు మాత్రం అడ్రసు చూసి ఒడియాలోనో ఇంగ్లిష్‌లోనో వస్తాయి. తెలుగు మాత్రమే చదవగలిగిన ముసలివాళ్లకి తెలుగు బ్రోచర్ కావాలంటే ఇచ్ఛాపురం దాటి అవతలి బ్రాంచిలో అడిగి తెచ్చుకుంటున్నాను, నా బస్సు ఛార్జీతో. పాలసీ ఇచ్చేముందు కన్ఫర్మేషన్ కాల్ హిందీలో వస్తుంది, అవతల ఏమంటున్నారో తెలియక మనవాళ్లు అన్నిటికీ "హా జీ" అంటారు. తెలియని భాషలో ఉన్న ఫారం మీద సంతకం చేసినవాళ్లకి వివరంగా చెప్పి అర్థం చేయించాను అని ప్రపోజల్ ఫారంలో ఒక డిక్లరేషన్ ఉంటుంది కదా, దాని మీద సంతకం పెట్టేది చాలాసార్లు ఆ ఇంటి గడప తొక్కని మనిషి. మనిషి ఆలోచించుకోవాలంటే ముందు చదువుకోవాలి, చదువుకోవాలంటే వచ్చిన భాషలో ఉండాలి. "కస్టమర్ టైమ్ తీసుకుంటున్నాడు" అని విసుక్కునేముందు, ఆ టైములో సగం మనవరాలు కాలేజీ నుంచి వచ్చి చదివి వినిపించేదాకా ఎదురుచూడటానికే పోతోందని తెలుసుకోండి.

మీరంటారని తెలుసు, ఇలా ఊరుకుంటే ఎవడు కొంటాడు అని. ఒక పాన్ షాపు ఆయన నాకు మూడేళ్లు "చూద్దాం, చూద్దాం" అన్నాడు, ఈలోగా బీపీ వచ్చింది, ప్రీమియం పెరిగింది. నేను గట్టిగా చెప్పి ఉండాల్సింది అని ఇప్పటికీ అనిపిస్తుంది. వయసు పెరిగితే ప్రీమియం పెరుగుతుంది, రోగం వస్తే ఇంకా పెరుగుతుంది లేదా అసలు ఇవ్వరు, ఇది నిజమైన తొందర, తారీఖుతో సహా చెప్పొచ్చు, చెప్పాలి కూడా. "ఈరోజు సాయంత్రం దాకే ఈ ప్లాన్" అని చెప్పమంటున్నారే, అది అబద్ధం, నెల తిరిగేసరికి అదే ప్లాన్ అలాగే ఉంటుంది, కస్టమర్ మన ముఖం చూస్తాడు. మొదటి రెండేళ్లూ నేనూ చెప్పాను ఆ అబద్ధం. అలా తీసుకున్నవాళ్లలో రెండో ప్రీమియం కట్టినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 13వ నెల పర్సిస్టెన్సీ, అంటే ఏడాది దాటాక కూడా నిలిచిన పాలసీల శాతం, పడిపోయిందని మీరే మళ్లీ మమ్మల్ని నిలదీస్తారు, ఎందుకు పడిపోయిందో అడగరు.

కమిషన్ నాకూ కావాలి. మా ఇంటి గ్యాసు, పాలు, పిల్లల ఫీజులు ఇందులోంచే. సాధువులా మాట్లాడటం లేదు. నిదానంగా తీసుకున్న ఇంట్లో ఆ తర్వాత తోడికోడలు, తమ్ముడు, అద్దెకున్నవాళ్లు వరసగా వస్తారు, నా సంపాదనలో ఎక్కువ భాగం అలా వచ్చిందే.

కాబట్టి నేను అడిగేవి రాస్తున్నాను. రిపోర్టులో పెండింగ్ అన్న గడి పక్కన ఇంకొక గడి పెట్టండి, ఎవరిని అడుగుతున్నారు, ఎప్పుడు చెప్తామన్నారు అని. ఆ తారీఖు రాకముందు మా మీద గానీ వాళ్ల మీద గానీ ఒత్తిడి పెట్టొద్దు, కస్టమర్ నంబర్ మా దగ్గర తీసుకుని నేరుగా ఫోన్ చెయ్యడం మానండి. జాయింట్ కాల్‌కి వస్తే రండి, సంతోషం, మొదటి పావుగంట వినండి చాలు. తెలుగు కాగితాలు ఒడిశా బ్రాంచికి పంపించండి, కన్ఫర్మేషన్ కాల్ ఏ భాషలో కావాలో ఫారం మీద అడగండి. మత్స్యకారుల ఇళ్లలో మార్చి డ్యూ డేట్ పెట్టొద్దు. ఇంకా ఉన్నాయి, ఇవి చేస్తే చాలు ఇప్పటికి.

ఆ గోపాలపూర్ వైపు ఇంటికి ఆగస్టులో మళ్లీ వెళ్తున్నాను, ఒక్కదాన్నే. ముసలావిడ ఫోన్లో రమ్మంది గానీ కొంటానని అనలేదు, నేనూ అడగలేదు.

ఇంకొక చిన్న మాట, పోయిన డిసెంబర్లో క్వార్టర్ టార్గెట్ కోసం మీరు నన్ను చెక్కు తెమ్మని పంపిన రోజు మార్గశిర లక్ష్మీవారం, అంటే గురువారం. ఇక్కడ తెలుగిళ్లలోనూ ఒడియా ఇళ్లలోనూ ఆడవాళ్లు ముగ్గులేసి లక్ష్మీపూజలో ఉంటారు, ఆరోజు ఇంట్లోంచి రూపాయి బయటికి ఇవ్వరు. నేను వెళ్లిన ఇంట్లో గుమ్మం బయటే నిలబెట్టి, "ఏటమ్మా, నువ్వు కూడానా?" అన్నారు. ఈ ఉత్తరం మీద మాట్లాడాలనుకుంటే ఎప్పుడైనా ఫోన్ చెయ్యండి, ఆ నెల లక్ష్మీవారాలు తప్ప.